ఫుట్‌బాల్ క్లబ్ ఊరిని మారుస్తుందా? కోల్‌కతాలో 35 ఏళ్ళుగా ఉంటున్నవాడి జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది: "బార్సిలోనా, లివర్‌పూల్ లాంటి ఊళ్ళకు క్లబ్బే గుర్తింపు అంటారు. ఒక ఫుట్‌బాల్ క్లబ్ నిజంగా ఊరి సంస్కృతిని మార్చగలదా, లేక ఇదంతా టీవీవాళ్ళ హడావుడా? మన దేశంలో అలాంటి ఊరుందా? హైదరాబాద్‌కు ఒకప్పుడు అంత గొప్ప ఫుట్‌బాల్ ఉండి కూడా ఎందుకు అలా జరగలేదు?"

సూటిగా చెబుతాను. మారుస్తుంది. కప్పులు గెలిచినంత మాత్రాన మాత్రం మారదు. ఊళ్ళో అప్పటికే ఒక అవమానమో, ఒక దుఃఖమో, "ఇంతకీ మనం ఎవరం" అన్న ప్రశ్నో రగులుతూ ఉండాలి. దానికి నిలబడే చోటు క్లబ్ ఇస్తుంది. ఆ చోటు కూడా ఒక్క క్లబ్బుతో ఏర్పడదు. ఎదుట ఇంకో క్లబ్ ఉండాలి. మన దేశంలో అలాంటి ఊరు కోల్‌కతా. హైదరాబాద్ సంగతి చివర్లో చెబుతాను, అది కాస్త నొప్పి పుట్టించే విషయం.

నేనెవరినో కూడా చెప్పాలి కదా. మాది శ్రీకాకుళం జిల్లా. 1989లో రైల్వే ఉద్యోగంతో కోల్‌కతా వచ్చి గార్డెన్ రీచ్ ఆఫీసులో చేరాను. కాలేజీ రోజుల్లో గోల్‌కీపర్ని. ఇక్కడికొచ్చాక రిఫరీ పరీక్ష పాసై, ఆఫీసు అయ్యాక, ఆదివారాలూ కింది డివిజన్ లీగ్ మ్యాచుల్లో పదమూడేళ్ళు జెండా పట్టుకుని గీత వెంట పరిగెత్తాను. పెద్ద మ్యాచులు చేసినవాణ్ని కాను. కానీ మైదాన్‌లో, అంటే ఇక్కడి క్లబ్బులుండే పెద్ద మైదానంలో, బురద ఎలా ఉంటుందో, ఆఫ్‌సైడ్ జెండా ఎత్తితే వెనకనుంచి ఏ భాషలో ఏ తిట్టు వస్తుందో బాగా తెలుసు.

మొదట జాదవ్‌పూర్ పక్కన బిజయ్‌గఢ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు పాత మిలిటరీ క్యాంపు స్థలంలో కట్టుకున్న కాలనీ అది. సామాను దించిన సాయంత్రం ఇంటాయన టీ ఇచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "దేశ్ కొథాయ్?" అంటే మీ దేశం ఎక్కడ అని. బెంగాలీలో 'దేశ్' అంటే పాస్‌పోర్టులో ఉండే దేశం ఒక్కటే కాదు, తాతల ఊరు కూడా. శ్రీకాకుళం అన్నాను. ఆయనకు అదెక్కడుందో తెలియదు. తెలుగువాణ్నని చెప్పేసరికి ముఖం వెలిగిపోయింది. "అయితే అప్పారావు మీవాడే! నువ్వు మా పార్టీ" అన్నాడు. అప్పారావు ఎవరో నాకు తెలియదు. ఆ ఊళ్ళో అడుగుపెట్టి నాలుగు గంటలు కాలేదు, అప్పుడే నాకు ఒక క్లబ్, దాంతోపాటు ఒక శత్రువు, రెండూ వచ్చేశాయి.

ఇప్పుడు అసలు విషయంలోకి.

మొదటి క్లబ్ ఊరికి ఇచ్చింది ఆత్మగౌరవం. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే టోర్నీ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును 2-1తో ఓడించింది. పదకొండు మందిలో ఒక్కడికే బూట్లు, మిగతావాళ్ళంతా ఉత్త కాళ్ళతో ఆడారు. ఒక గోల్ వెనకబడి, చివర్లో శివదాస్ భాదురీ, అభిలాష్ ఘోష్ చెరొకటి కొట్టారు. కిక్కిరిసిన జనంలో వెనకవాళ్ళకు ఆట కనిపించక, స్కోరు గాలిపటాల మీద రాసి ఎగరేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడాదేమిటో గుర్తు చేసుకోండి. 1905లో కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. బెంగాలీ అంటే గుమస్తాగిరీకి తప్ప పనికిరాని బలహీనుడని తెల్లవాళ్ళు రాస్తున్న రోజులవి. అందుకే అది ఆటలో గెలుపుగా మిగిలిపోలేదు. ఆ జట్టును ఇప్పటికీ 'అమర ఏకాదశ' అంటారు. జూలై 29 వచ్చిందంటే ఇప్పటికీ క్లబ్ గుడారం దగ్గర పండగే.

(క్లబ్ ఆఫీసును ఇక్కడ 'టెంట్' అంటారు. మైదాన్ స్థలం సైన్యానిది, పక్కా కట్టడాలకు అనుమతి లేక ఆ పేరు అలాగే నిలిచిపోయింది. కోట్ల రూపాయల వ్యవహారాలు ఇప్పటికీ 'టెంట్‌లో' తేలుతాయి.)

రెండో క్లబ్ ఊరిని రెండుగా చీల్చింది, దాంతో ఊరికి ఒక వ్యాకరణం వచ్చింది. 1920 జూలైలో జోడాబగాన్ అనే క్లబ్ మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు దిగుతూ, శైలేష్ బోస్ అనే తూర్పు బెంగాల్ ఆటగాణ్ని పక్కన పెట్టింది. క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అదేమిటని అడిగి, సరైన జవాబు రాక బయటకు నడిచాడు. కొద్ది రోజులకే, ఆగస్టు 1న, ఈస్ట్ బెంగాల్ క్లబ్ పుట్టింది. ఒక ఆటగాణ్ని జట్టులోకి తీసుకోలేదన్న కోపంతో మొదలైన క్లబ్ అది. అప్పటికి శరణార్థులు లేరు, సరిహద్దు ముళ్ళతీగ లేదు, పాకిస్తాన్ అన్న మాటే లేదు.

1947 తర్వాత ఆ పేరుకు అర్థమే మారిపోయింది. ఇల్లూ వాకిలీ వదిలి లక్షల మంది ఈ ఊరికి వచ్చి పడ్డారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాలే ఎన్నో కుటుంబాలకు ఇళ్ళయ్యాయి. ఇక్కడివాళ్ళకు వాళ్ళు 'బాంగాల్', యాస వింటే నవ్వు. వాళ్ళకు ఇక్కడివాళ్ళు 'ఘటీ'. వచ్చినవాళ్ళకు స్థలం లేదు, ఉద్యోగం లేదు. కానీ ఈ మహానగరం నడిబొడ్డున, వాళ్ళ పోయిన దేశం పేరు పెట్టుకున్న ఒక జట్టు ఉంది. మా ఇంటాయన మాట ఒకటి నాకు బాగా గుర్తు: "రేషన్ కార్డు తర్వాత వచ్చింది బాబూ, జట్టు ముందే ఉంది." 1949 నుంచి 1951 వరకు వరసగా మూడేళ్ళు ఆ జట్టు షీల్డ్ గెలిచింది. తిండికి లేని ఇంట్లో కూడా ఆ మూడు రాత్రులు పండగలేనట.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన సంగతి ఇక్కడే ఉంది. ఆ గెలుపులు తెచ్చిన ముందు వరసను 'పంచ పాండవులు' అంటారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే! ఒక్కరూ బెంగాలీ కాదు. పద్మా నది ఒడ్డున ఇల్లు పోగొట్టుకున్నవాడి గౌరవాన్ని నిలబెట్టింది దక్షిణం నుంచి రైలెక్కి వచ్చిన కుర్రాళ్ళు. క్లబ్ గుర్తింపు అనేది రక్తంలో ఉంటుందనుకునేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ ఐదు పేర్లే చెబుతాను. అటువైపు చూసినా అంతే. 1911లో బెంగాల్ హీరో అయిన శివదాస్ భాదురీ కుటుంబం మూలాలు తూర్పు బెంగాల్‌లో ఉన్నాయి. అంటే ఘటీల గుండెకాయ లాంటి జట్టుకు కెప్టెన్ ఒక బాంగాల్!

గుర్తింపు అంటే మాటల్లో చెప్పేది కాదు, వంటింట్లో కనిపించేది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస... అదే, ఇక్కడి పేరు 'ఇలిష్'. మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్యలు, 'చింగ్రీ'. లీగ్ వానాకాలంలో జరుగుతుంది, ఇలిష్ దొరికేదీ వానాకాలంలోనే. గోదావరి జిల్లాల వాళ్ళకు పులస గురించి నేను చెప్పనక్కర్లేదు. పుస్తెలమ్మి తినమన్న చేపను ఒక జట్టు జెండాగా మార్చుకున్న ఊరిని ఊహించుకోండి.

1997 జూలై 13, ఆదివారం. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, సాల్ట్ లేక్ స్టేడియం. అటు మోహన్ బగాన్‌కు అమల్ దత్తా, ఇటు ఈస్ట్ బెంగాల్‌కు పీకే బెనర్జీ, ఇద్దరు కోచ్‌లూ వారం రోజులుగా పేపర్లలో మాటల యుద్ధం చేశారు. అమల్ దత్తా 'డైమండ్' వ్యూహం గురించి చేపల బజార్లో కూడా చర్చే. ఆ రోజు స్టేడియంలో లెక్క తేలిన జనం 1,31,000 పైచిలుకు. మా ఇంటాయన భార్యను మాషీమా అనేవాణ్ని, అంటే పిన్నిగారు. ఆమె జీవితంలో స్టేడియం గడప తొక్కలేదు. కానీ ఆ రోజు పొద్దున నేను బజారుకు వెళ్తూ "ఇలిష్ తెమ్మంటారా" అని అడిగితే చీపురు కట్ట ఎత్తినంత పని చేసింది. ఆట అవకుండా కొంటే అపశకునమట. నాకు పై గ్యాలరీలో టికెట్ దొరికింది. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్. ఈస్ట్ బెంగాల్ 4-1. ఉల్టోడాంగా దాకా నడిచి, బస్సు దొరక్క, ఒక లారీ ఎక్కి, రాత్రి తొమ్మిది దాటాక జాదవ్‌పూర్ బజారుకు చేరాను. ఇలిష్ ఒక్కటి మిగల్లేదు. చేపలవాడు ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చేసేది లేక బొచ్చె చేప పట్టుకుని ఇంటికెళ్ళాను. మాషీమా దాన్ని చూసి ఒక్క ముక్క అంది: "ఇది ఓడినప్పుడు తినేది." ఆ రాత్రి ఉత్త గుడ్ల కూరతో భోంచేశాం. చేప మర్నాడు వండింది.

ఇంత మురిపెంగా చెప్పానని ఇదంతా అందంగా ఉంటుందనుకోవద్దు. ఊరికి గుర్తింపునిచ్చే క్లబ్ ఊరికి గాయాలూ ఇస్తుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల లీగ్ మ్యాచ్ జరుగుతుండగా గ్యాలరీలో గొడవ మొదలై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. కుర్రాళ్ళే ఎక్కువ. ఏటా ఆ తేదీన ఇక్కడ రక్తదాన శిబిరాలు పెడతారు. నేనూ చాలాసార్లు ఇచ్చాను. సూది గుచ్చే ముందు పక్క మంచం మీదవాడు ఏ జట్టో అడగరు. ఆ ఒక్క రోజే అడగరు.

మతం సంగతి కూడా దాచకూడదు. మూడో పెద్ద క్లబ్ మహమ్మదన్ స్పోర్టింగ్. 1934 నుంచి 1938 వరకు వరసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచింది, 1940లో డ్యూరాండ్ కప్ గెలిచిన మొదటి భారతీయ పౌర జట్టు. ముస్లిం సమాజానికి అది ఇచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు. ఆ రోజుల రాజకీయ వాతావరణంలో అదే విజయం గోడలను ఇంకాస్త ఎత్తు చేసింది కూడా. రెండూ నిజాలే. ఒక క్లబ్ ఒక సమూహానికి వెన్నెముక అవుతున్నప్పుడు, పక్క సమూహానికి అది వేలెత్తి చూపినట్టు అనిపిస్తుంది. రిఫరీగా నేను చూసిన కొట్లాటల్లో సగం ఆట గురించి కానే కాదు.

ఈ మూడు గోడలనూ అవలీలగా దాటినవాడు మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్, మూడింటికీ ఆడాడు. ఊరంతా 'బొడో మియా' అని పిలిచింది. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో డ్రా చేస్తే, అందులో ఒక గోల్ హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో, అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో, 17 సెకన్లకే గోల్ కొట్టాడు. ఆటగాడు జట్టు మారితే అభిమానులు తిట్టారు, మళ్ళీ వస్తే మెడలో దండ వేశారు. కానీ అభిమాని జట్టు మార్చడం నేను 35 ఏళ్ళలో ఒక్కసారే చూశాను. పెళ్ళి కోసం మార్చాడు, అది కూడా మామగారి ముందు మాత్రమే.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గురించీ ఒక మాట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు, ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. ఆట మానేశాక కూడా ఇక్కడే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఉండిపోయాడు. 2023లో కన్నుమూసేదాకా ఆ ఊరే ఆయన ఊరు. సికింద్రాబాద్‌లో నా స్నేహితుల్ని అడిగితే ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరు. ఉత్తర్‌పాడాలో రిక్షావాడికి ఇల్లు తెలుసు.

అందుకే హైదరాబాద్ ప్రశ్న నొప్పి పుట్టిస్తుందన్నాను. ఆట విషయంలో హైదరాబాద్ కోల్‌కతాకు ఏమాత్రం తీసిపోలేదు. రహీం సాబ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం దాకా వెళ్ళినప్పుడు, ఆ జట్టులో ఎనిమిది మంది హైదరాబాదీలు. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం కూడా రహీం సాబ్ చలవే. మరి ఎందుకు నిలవలేదు?

నా అభిప్రాయం చెబుతాను, వేరేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. అది ఒక శాఖ జట్టు. జనం చప్పట్లు కొట్టారు, కానీ అందులో సభ్యులు కాలేదు. మోహన్ బగాన్‌లో మా ఆఫీసు హెడ్‌క్లర్క్ సభ్యుడు. తండ్రి కార్డు తండ్రి పోయాక కొడుక్కి ఎలా మార్చాలన్నది ఇక్కడ ఆస్తి తగాదా అంత పెద్ద విషయం. క్లబ్ ఎన్నికలకు గోడల మీద రాతలుంటాయి. పోలీసు జట్టులో ఓటు ఎవరికుంటుంది? ఉద్యోగ నియామకాలు తగ్గాయి, జట్టూ పలచబడింది, అంతే. ఇంకో కారణం, ఎదుటివాడు లేడు. ఊళ్ళో సగం మంది కడుపుమంటతో చూసే ఇంకో జట్టు హైదరాబాద్‌లో ఎప్పుడూ లేదు. అందరూ మెచ్చుకునే జట్టు గురించి అన్నం దగ్గర గొడవ పడరు. గొడవ పడనిది పిల్లలకు అందదు.

తర్వాత ఐఎస్‌ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, వచ్చింది. పుణె ఫ్రాంచైజీ మూతపడితే, 2019లో దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ కూడా అయింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. ఒక్కసారి ఆలోచించండి, ఊరికి ట్రోఫీ తెచ్చిన జట్టు మూడేళ్ళలో ఊరు ఖాళీ చేస్తే ఎన్ని బస్సులు ఆగాయి, ఎన్ని దుకాణాలు మూశారు? గచ్చిబౌలికి క్రమం తప్పకుండా వెళ్ళిన కొద్దిమంది కుర్రాళ్ళు మాత్రం నిజంగా బాధపడ్డారు. వాళ్ళను తక్కువ చేయను.

దాన్ని ఇక్కడ జరిగిన దానితో పోల్చండి. 2020లో మోహన్ బగాన్ ఏటీకే అనే ఐఎస్‌ఎల్ ఫ్రాంచైజీతో కలిసి, పేరు ముందు మూడక్షరాలు చేరాయి. జీతాలు పెరిగాయి, మంచి ఆటగాళ్ళు వచ్చారు, జట్టు గెలుస్తోంది. అయినా అభిమానులు ఊరుకోలేదు. ఆ మూడక్షరాలు తీసేయాలని మూడేళ్ళు బ్యానర్లు కట్టారు. 2023 మార్చిలో ఐఎస్‌ఎల్ గెలిచిన రాత్రే పేరు మారుస్తామని యజమాని ప్రకటించాడు. మా హెడ్‌క్లర్క్ కప్పు గెలిచినందుకు కాదు, ఆ ప్రకటనకు మిఠాయి పంచాడు.

లివర్‌పూల్ గురించి కూడా అడిగారు కాబట్టి ఒక్కటే చెబుతాను, అది నేను చదివిందే తప్ప చూసింది కాదు. 1989 హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. తప్పంతా అభిమానులదేనంటూ ది సన్ పత్రిక అబద్ధాలు రాసింది. ఆ ఊరు అప్పటినుంచి ఆ పత్రిక కొనడం మానేసింది. ఆ ఊళ్ళోనే ఉన్న ప్రత్యర్థి క్లబ్ ఎవర్టన్ వాళ్ళు కూడా. ఒక ఊరు దశాబ్దాలుగా ఏ పేపరు చదవకూడదో ఫుట్‌బాల్ నిర్ణయించిందంటే, మీ ప్రశ్నకు అంతకంటే జవాబేముంటుంది?

ఇక్కడ కూడా అలాంటి రోజు ఒకటి చూశాను. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి హత్య తర్వాత ఊరంతా రోడ్ల మీద ఉంది. ఆగస్టు 18న డ్యూరాండ్ కప్ డెర్బీ ఉండగా, బందోబస్తు కారణం చూపి రద్దు చేశారు. ఆట లేకపోయినా జనం సాల్ట్ లేక్‌కు వచ్చారు. ఈస్ట్ బెంగాల్ ఎరుపు పసుపు, మోహన్ బగాన్ ఆకుపచ్చ మెరూన్, మహమ్మదన్ నలుపు తెలుపు, మూడూ కలిసి. లాఠీలు లేచాయి. నా వయసుకు పరిగెత్తలేక ఒక టీకొట్టు చూరు కింద నిలబడ్డాను. మోహన్ బగాన్ చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు, ఈస్ట్ బెంగాల్ చొక్కా వాణ్ని చెయ్యి పట్టుకుని కొట్టు లోపలికి లాగాడు. ఇద్దరూ ఆయాసపడుతూ ఒకే సీసాలో నీళ్ళు తాగారు. ఊపిరి సర్దుకున్నాక మొదటివాడు అన్న మాట: "ఆట జరిగుంటే మీకు మూడు పడేవి." రెండోవాడు సీసా లాక్కున్నాడు.

ఘటీ, బాంగాల్ తేడా పలచబడిందని చాలామంది అంటారు. నిజమే, పెళ్ళిళ్ళు కలిశాయి, మా కాలనీలో కుర్రాళ్ళకు పద్మా నది ఎటుందో తెలియదు, రాత్రి మెలకువగా ఉండి ఇంగ్లండ్ మ్యాచులు చూస్తారు. ముళ్ళతీగ పేరెత్తి ఎవరైనా ఎగతాళి చేస్తే మాత్రం తాతల కోపమంతా ఒక్కసారి పైకొస్తుంది. 2020 జనవరి డెర్బీలో, పౌరసత్వ చట్టం గొడవ నడుస్తున్నప్పుడు, ఈస్ట్ బెంగాల్ గ్యాలరీ ఒక బ్యానర్ దించింది. నెత్తురుతో కొన్న నేల ఇది, కాగితాలతో కాదు అని దాని భావం. ఆ బ్యానర్ పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది విభజనకు యాభై ఏళ్ళ తర్వాత పుట్టినవాళ్ళు.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే పుస్తకాల కంటే ఇక్కడికే రండి, జూలై ఆగస్టు నెలల్లో అయితే మేలు. మైదాన్‌లో మోహన్ బగాన్ టెంట్ క్యాంటీన్లో టోస్టు, చికెన్ స్ట్యూ తినండి. తర్వాత నడుచుకుంటూ ఈస్ట్ బెంగాల్ టెంట్ వైపు వెళ్ళండి. ఐదు నిమిషాలు పట్టదు. ఎవరో ఒక పెద్దాయన పలకరిస్తాడు, దేశ్ ఎక్కడని అడుగుతాడు. ఊరి పేరు చెప్పి ఊరుకుంటే వదలడు, కాబట్టి ముందే ఆలోచించుకుని రండి. అంతకుముందు ఎక్కడ తిన్నారో మాత్రం చెప్పకండి.